గడువు లేని ఆట

వార్తాపత్రికలలో పోలవరమను పేరు కనిపించినప్పుడు, దాని ప్రక్కనే తరచుగా గడువు అను మాట కూడ కనిపించుచుండును. పాపికొండల నడుమ ఇరుకుదారిలో ఒదిగి ప్రవహించిన గోదావరి కొండలను వీడి మైదానమును చేరుచోట, నదికి కుడిగట్టున ఉన్న ఊరిది. ఈ ప్రాంతమున నదికి అడ్డముగా పెద్ద ఆనకట్ట కట్టవలెనను తలంపు 1940వ దశకమునాటిది. ఆనాటి మద్రాసు రాష్ట్రపు ఇంజనీర్ల ఆలోచనకు రామపాదసాగరమను పేరుండెను. 2004వ సంవత్సరమునుండి పనులు సాగినవి. 2014లో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. 2021లో 48 గేట్లు గల స్పిల్‌వే మీదుగా నదీప్రవాహమును మళ్ళించిరి. ఈ నడుమ పని ముగియవలసిన తేదీలు ఎన్నియో నిర్ణయింపబడినవి, ఎన్నియో మారినవి. ఇట్టి ఊరి పిల్లలకు గడువు అన నేమో ఒకరు వివరింప నక్కరలేదు. అయితే మానవ జీవితములో గడువు ఉండవలసిన పనులు కొన్ని, గడువు ఉండరాని పనులు కొన్ని గలవు. ఈ రెంటికి గల భేదము తెలియనివాడు పనిని చెరచుకొనును, వినోదమును కూడ చెరచుకొనును.

గోదావరి సీమలో రైతు జీవితమంతయు గడువులతో కూడినది. తొలకరి వానలు పడగానే నారుమళ్ళు సిద్ధము కావలెను. నారు ముదిరిన పిదప ఊడ్చిన చేను చక్కగా దుబ్బు కట్టదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. దాళ్వా చేలకు కావలసిన తడులన్నియు ఆ లోపలనే అందవలెను. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ దొర పూనికతో 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. ఆ సంవత్సరములలో నది నడుమ పని చేయుటకు వీలైనది వరద లేని నెలలలో మాత్రమే. గోదావరి ఎవరి విన్నపమును ఆలకించి ఆగునది కాదు. కావున వరద వచ్చులోపల ముగింపవలసిన పనిని ఆ లోపలనే ముగింపవలసియుండెను. ఇట్టి పనులను తలచియే పెద్దలు ఆలస్యము అమృతమును విషము చేయునని చెప్పిరి.

ఆ పెద్దలే నిదానమే ప్రధానమనియు చెప్పిరి. ఈ రెండు మాటలును ఒకదానినొకటి ఖండించునవి వలె తోచును గాని, నిజమునకు అవి వేరువేరు పనులను గూర్చినవి. పైరు వేరు, పండుగ వేరు. కూలి వేరు, ఆట వేరు. పొట్టకొరకు, బాధ్యతకొరకు, ఒకరికిచ్చిన మాటకొరకు చేయు పనికి గడువు ధర్మము. మనసు కోరుకొనగా, ఎవరును అడుగకున్నను, జీతమును బహుమానమును ఆశింపక చేయు వ్యాసంగమునకు నిదానము ధర్మము. చిత్రములు గీయుట, తపాలా బిళ్ళలు కూర్చుట, మొక్కలు పెంచుట, పాత ఆటలాడుట మున్నగునవన్నియు ఈ రెండవ జాతికి చెందినవి. ఒకదాని ధర్మమును మరియొకదానికి అంటగట్టినచో రెండును చెడును.

తెలుగు పల్లెలలోని పాత ఆటలను పరిశీలించినచో ఈ సంగతి బోధపడగలదు. పులిజూదమునే తీసికొందురు గాక. దీనినే పులి-మేక ఆట యనియు పిలుతురు. సాధారణముగా ఇందు మూడు పులులు, పదునైదు మేకలు ఉండును. ఒకడు పులుల పక్షము, వేరొకడు మేకల పక్షము వహించును. గీతలు కలియు చోట్లను మేకలను ఒక్కొక్కటిగా నిలుపుదురు. పులి మేకను దాటి అవతలి ఖాళీ స్థానములోనికి దూకినచో ఆ మేక చచ్చినట్లే. మేకలకు దూకు శక్తి లేదు. కాని అవి ఒకదాని వెనుక నొకటి నిలిచి, పులులు కదలలేకుండ దారులన్నియు మూసివేసినచో గెలుపు వానిదే. చదరంగములోవలె ఇరుపక్షములకు సమానబలము ఇందు లేదు. ఒకరికి కోరలున్నవి, వేరొకరికి సంఖ్య ఉన్నది. పులియై ఆడువాడు తెగువను నేర్చుకొనును. మేకయై ఆడువాడు ఓర్పును, కలసికట్టుగా నిలుచుటను నేర్చుకొనును.

ఈ ఆట వందల యేండ్లుగా పాతబడకుండుటకు ఒక కారణము ఇందే కలదు. ఒక ఆట ముగియగానే పులి మేకయగును, మేక పులియగును. గీతలు అవియే, రాళ్ళు అవియే, ఎదుట కూర్చున్న మిత్రుడును వాడే. అయినను చూచు కన్ను మారినది. నిన్న తనను తరిమిన పులికి ఎంత భయముండెనో నేడు తాను పులియైనప్పుడు గాని తెలియదు. కొత్త వస్తువును కొనుటచే వచ్చు కొత్తదనము కొన్నిదినములకే వాడిపోవును. పాత వస్తువును కొత్త తావునుండి చూచుటచే వచ్చు కొత్తదనము నిలుచును.

రెండవ కారణము మరింత ముఖ్యమైనది. దక్షిణదేశమున అనేక దేవాలయముల మండపములలో, రాతి నేలపై ఇట్టి ఆటల గీతలు చెక్కబడియుండుట చూడవచ్చును. గీతలను రాతిపై చెక్కినవాడు ఆట ఒక పూటతో ముగియునని తలచియుండడు. మధ్యాహ్నపు ఎండ తగ్గువరకును ఆడుదురు. వాన వెలిసినచో లేచి పొలమునకు పోవుదురు. ఆట సగములో ఆగినను ఎవరికిని నష్టము లేదు. మరునాడు మరల మొదలిడుదురు. అట్లే వామనగుంటల పీటపై రెండు వరుసలలో ఏడేసి గుంటలుండును. చింతపిక్కలు ఒక గుంటనుండి మరియొక గుంటకు పంచుకొనుచు పోవుటలో గడియారమునకు పని లేదు. వైకుంఠపాళిలో నిచ్చెన నెక్కినవాడు పాముచే మ్రింగబడి క్రిందికి జారినను, వాడు గవ్వలు వేయుచు మరల పైకి పోవచ్చును. ఇంతసేపటిలో వైకుంఠము చేరవలెనను నియమము అందు లేదు.

ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర కన్నులతో లోకమును చూచుట తెలుగువారికి కొత్త కాదు. పగటివేషగాండ్రు పట్టపగలు ఇంటింటికి వచ్చి, ఒకనాడు ఒక వేషము, మరునాడు వేరొక వేషము కట్టుచుండిరి. ఒకే మనిషి సగము శివుడుగా, సగము పార్వతిగా కనిపించు అర్ధనారీశ్వర వేషము వారి విద్యకు పేరు తెచ్చినది. పిల్లలు రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీట్లు వ్రాసికొని ఆడు ఆటయును ఇట్టిదే. చీటీ విప్పినంతనే ఇంటి ప్రక్క బాలుడు రాజగును, వాని చెల్లెలు పోలీసగును.

ఇట్టి కోరికయే సముద్రముల కావల మరియొక రూపమున ప్రకటమైనది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న పట్టణము కలదు. అచ్చటి గ్యారీ గైగాక్స్ అను నతడు డేవ్ ఆర్నెసన్ అను మిత్రునితో కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట 1974లో వెలువడినది. మూడు చిన్న పుస్తకములను ఒక పెట్టెలో ఉంచి అమ్మిరి. మొదటి ముద్రణలో వేయి ప్రతులు మాత్రమే వెలువడినవి. ఈ ఆటలో కొందరు మిత్రులు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథకుడగును. తక్కినవారు వీరుడు, మాంత్రికుడు మున్నగు పాత్రలు ధరింతురు. కథకుడు ఒక గుహను వర్ణించి, ఇప్పుడేమి చేయుదురని అడుగును. ఎవరి పాత్ర పక్షమున వారు బదులు చెప్పుదురు. చేయదలచిన పని ఫలించినదా లేదా యనునది పాచికలు తేల్చును. ఆ పాచికలు నాలుగు, ఆరు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖములు గలవి. గణిత పాఠమున బాలబాలికలు చదువు క్రమ ఘనరూపములు సరిగా ఈ అయిదే.

ఈ ఆటలోని విశేష మేమనగా, ఇందు గెలుపొందువాడు లేడు. కథ సాగుచున్నంతకాలము అందరును గెలిచినవారే. ఒకనాటి సాయంకాలము ఆపిన కథను వారము దినములకు గాని, నెల దినములకు గాని మరల అందుకొనవచ్చును. రాత్రి తెల్లవారువరకు బుర్రకథ విని, మిగిలినది మరునాడు వినుటకు వేచియుండు పల్లె ప్రజలకు ఈ పద్ధతి వింతగా తోచదు.

పిమ్మట కంప్యూటర్లు ఇండ్లలోనికి వచ్చినవి. బల్లచుట్టు కూర్చుండి ఆడు కథలు తెరమీదికి ఎక్కినవి. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అను ఇద్దరు విద్యార్థులు రచించిన విజార్డ్రీ అను ఆట వెలువడినది. అందు పది అంతస్తుల పాతాళగృహ మొకటి కలదు. ప్రతి అంతస్తును అడ్డముగా ఇరువది, నిలువుగా ఇరువది గళ్ళతో కూడినది. ఆడువానికి దారిని చూపు పటము తెరపై లేదు. కావున వాడు గళ్ళకాగితము ముందుంచుకొని, ఒక్కొక్క అడుగు వేయుచు, గోడ ఎక్కడ, తలుపు ఎక్కడ అని పెన్సిలుతో గీసికొనవలెను. ఆట తెరమీద సగము, కాగితముమీద సగము. తొందరపడినవాడు దారి తప్పును. నిదానించినవాని చేతిలో, తన చేతితోనే గీసిన దేశపటము మిగులును.

జపానులో యూజి హోరియీ అను రచయిత 1986వ సంవత్సరము మే నెలలో డ్రాగన్ క్వెస్ట్ అను ఆటను లోకమునకు అందించెను. ఆనాటి ఆ యంత్రపు పెట్టెలో, ఆగినచోటును గుర్తుంచుకొను సదుపాయము లేకుండెను. దానికి ఒక ఉపాయము పన్నిరి. కథానాయకుడు రాజు వద్దకు పోయినచో, రాజు ఇరువది అక్షరముల మాట నొకదానిని చెప్పును. దానికి పునరుజ్జీవన మంత్రమని అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆడు బాలుడు దానిని కాగితముపై తప్పు లేకుండ వ్రాసికొని, యంత్రమును ఆపి, నిద్రపోవచ్చును. మరల ఎప్పుడైన ఆ ఇరువది అక్షరములను వ్రాసినంతనే, వీరుడు తాను సంపాదించిన బలముతోను ధనముతోను రాజు ఎదుట నిలుచును. ఆ పిలుపు మరునాడు వచ్చినను, మూడేండ్లకు వచ్చినను వీరునికి భేదము లేదు. ఇంత ఆలస్యమేల యని అతడు అడుగడు. నీవు రానందున ఇంత నష్టమైనదని చెప్పడు.

పాత ఆటల గొప్పతన మంతయు ఈ వేచియుండుటలోనే ఉన్నదని చెప్పవచ్చును. మంచి మిత్రుడును ఇట్టివాడే. ఎంతకాలమునకు కలిసినను, మాటలు ఆగినచోటనుండి సాగును.

నేటి సెల్‌ఫోనులలోని ఆటలు అనేకము ఇందుకు భిన్నమైనవి. అవి ప్రతిదినము రమ్మని పిలుచును. వచ్చినవానికి ఒక చిన్న బహుమానమిచ్చును. ఏడు దినములు వరుసగా వచ్చినచో పెద్ద బహుమానమిత్తునని ఆశ చూపును. ఒకనాడు తప్పినచో వరుస తెగినదని తెలుపును. ఈ ఖడ్గము రెండు దినములు మాత్రమే లభించునని తొందరపెట్టును. బాలుడు ఆటకొరకు ఫోను తీయుట మాని, వరుస తెగకుండుటకై తీయ నారంభించును. మొదట వాడు ఆటను ఆడెను. ఇప్పుడు ఆటయే వానిని ఆడించుచున్నది. వినోదమునకై మొదలుపెట్టినది హాజరుపట్టీగా మారినది. ఇందు బాలుని దోషము కొంచెమే. ఆ ఆటలు మనసును అట్లు పట్టియుంచుటకే నిర్మింపబడుచున్నవి. అయినను పట్టు తెలిసినవాడు పట్టు విడిపించుకొనగలడు.

గడువు బయటివారు విధించునదే కానక్కరలేదు. తనకు తానే విధించుకొను గడువులు కొన్నిసార్లు అంతకంటె కఠినములు. పోలవరమున ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలుని ఊహించుకొనవచ్చును. వానికి పాత కాలపు పాత్రల ఆటలపై మక్కువ కలిగినది. సంక్రాంతి లోపల ఈ ఆట ముగింపవలెను, వేసవి లోపల ఇంకొక నాలుగు ముగింపవలెను అని గోడపై పట్టిక వ్రాసికొనెను. మొదటి వారము ఉత్సాహముగా గడచినది. రెండవ వారమున పట్టిక వెనుకబడినది. మూడవ వారమున వాడు సంభాషణలు చదువకయే తెరను ముందుకు నెట్టుచుండెను. ఆ రాజ్యమున ఎవరు ఏడ్చుచున్నారో, ఎవరు సహాయము కోరుచున్నారో వానికి పట్టలేదు. నాలుగవ వారమున ఆటను తలచుకొన్నంతనే విసుగు పుట్టెను. ఆట పాతది కాలేదు. చూచు మనసు అలసినది. ఇట్లు ఎందరో తమ ముచ్చటలను తామే చంపుకొని, ఆ నేరమును ముచ్చటలపై మోపుదురు.

అట్టి బాలుడు మరల ఆ ముచ్చటను బ్రతికించుకొనుటకు దారులు లేకపోలేదు. మొదటిది, పట్టికను తీసివేయుట. ఎన్ని ముగించితినను లెక్కకు బదులు, ఏమి చూచితినను జ్ఞాపకమును ఉంచుకొనవలెను. ఒక నోటు పుస్తకములో దారుల పటములు, ఊళ్ళ పేర్లు, తనకు నచ్చిన సంగతులు వ్రాసికొనినచో, రెండు నెలల తరువాత పుస్తకము తెరచినంతనే కథ మరల కన్నులకు కట్టును. ఆ నోటు పుస్తకమే వాని పునరుజ్జీవన మంత్రము.

రెండవది, ఇంకను ఆడవలెనను కోరిక మిగిలియుండగనే ఆపుట. ఆకలి కొంచెముండగా విస్తరి ముందునుండి లేచినవానికి మరుపూట భోజనము రుచించును. వెగటు పుట్టువరకు తినినవానికి ఆ పదార్థము పేరే గిట్టదు.

మూడవది, కొంతకాలము పూర్తిగా విడిచియుండుట. శ్రావణ భాద్రపదములలో గోదావరికి వరద వచ్చినప్పుడు పాపికొండలకు పోవు విహారపు పడవలను ఆపివేయుదురు. పడవ ఒడ్డున కట్టివేయబడినంత మాత్రమున నది ఎక్కడికిని పోదు. నీరు తీసిన పిదప అదే దారి, అవే కొండలు, అయినను వరద కడిగిన ఒడ్డు కొత్తగా కనిపించును. వ్యాసంగమునకును ఇట్టి వరదకాలము ఒకటి ఉండవలెను. పరీక్షలు, పంటపనులు, ఇంటిలోని శుభకార్యములు వచ్చినప్పుడు ఆటను ఒడ్డున కట్టివేయుటలో తప్పు లేదు. మరల వచ్చినప్పుడు అపరాధ భావము అసలే పనికిరాదు.

నాలుగవది, పాత్రను మార్చుట. ఎప్పుడును ఖడ్గధారియై ఆడువాడు ఒకసారి వైద్యుడై ఆడవలెను. ఎప్పుడును వినువాడుగా ఉండువాడు ఒకసారి కథకుడు కావలెను. ఇందుకు యంత్రమును అక్కరలేదు. నలుగురు మిత్రులు, ఒక కాగితము, రెండు పాచికలు చాలును. పరదేశపు కోటలే కావలెనా? పట్టిసీమలో నది నడుమ నున్న వీరభద్రస్వామి ఆలయము, పాపికొండల మలుపులు, 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ అడవులు, పొగమంచులో దారి తెలియక ఆగిన పడవ - ఒక కథకు ఇంతకంటె ఏమి కావలెను? ఒక బాలిక పడవ సరంగు పాత్ర ధరింపవచ్చును. వేరొక బాలుడు కొండదారులెరిగిన కోయ యువకుడు కావచ్చును. తన ఊరినే ఒక కథగా చూడగలిగినవానికి ఆటయు కొత్తదగును, ఊరును కొత్తదగును.

గడువు లేకుండ చేసిన పని వ్యర్థమని కొందరు భావింతురు. అది సరికాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున రిచర్డ్ గ్యారియట్ అను బాలునికి 1970వ దశకమున ఇట్టి ఆటలపై మిక్కిలి ఆసక్తి ఉండెను. వాని పాఠశాలలో తెర లేని ఒక టెలిటైపు యంత్రముండెను. తాను చేయు ప్రతి కదలికకును అది కాగితముపై అక్షరములను అచ్చువేయును. పాఠశాలవారు ఆ యంత్రమును వాడుకొని తనంత తాను నేర్చుకొనుటకు వానికి అనుమతి నిచ్చిరి. వాడు ఒకదాని తరువాత నొకటిగా ఇరువది యెనిమిది ఆటలు వ్రాసెను. అవి అమ్మకమునకు వ్రాసినవి కావు, ముచ్చటకొరకు వ్రాసినవి. ఆ అభ్యాసమునుండియే 1979లో అకలబెత్ అను ఆటయు, 1981లో అల్టిమా అను ఆటయు వెలువడినవి. అల్టిమా, విజార్డ్రీలను ఆడి సంతోషించిన హోరియీ పిమ్మట డ్రాగన్ క్వెస్టును రచించెను. ఒకరి తీరిక వేళల ముచ్చట సముద్రము దాటి వేరొకరికి వెలుగు చూపినది. తొందర లేకుండుట వేరు, సోమరితనము వేరు. సోమరి పని చేయడు. తొందర లేనివాడు చేయుచునే యుండును, లెక్కపెట్టడు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టక మానదు. గడువు లేని ఆటకు అంతమెక్కడ? బాలుడు పగలు రాత్రి అదే పనిగా కూర్చున్నచో చదువు ఏమి కావలెను? కన్నులు ఏమి కావలెను? ఈ ప్రశ్న అడుగు తల్లిదండ్రులు న్యాయమైన మాటయే చెప్పుచున్నారు. అయితే గడువు వేరు, హద్దు వేరు. హద్దు నదికి గట్టు వంటిది. ఇంతకంటె ప్రక్కకు పొంగరాదని గట్టు చెప్పును గాని, త్వరగా పొమ్మని నదిని తరుమదు. గడువు వెనుకనుండి తరుము కొరడా వంటిది. సాయంకాలము ఒక గంట ఆడి దీపము పెట్టువేళకు లేచుట హద్దు. ఈ వారము లోపల ముగించి తీరవలెననుట గడువు. గట్టు లేని నది ఊళ్ళను ముంచును. ఆ సంగతి గోదావరి ప్రజలు 1986వ సంవత్సరపు ఆగస్టు వరదలో కన్నులార చూచిరి. కాని గట్టున్న నది తన ఇష్టము వచ్చిన వడితో సాగి సముద్రమును చేరుచునే యున్నది. వినోదమునకు హద్దు ఉండవలెను, గడువు ఉండరాదు. హద్దు లేనిచో ఆట జీవితమును మ్రింగును. గడువున్నచో జీవితము ఆటను మ్రింగును.

ఈ వివేకము ఒక బాలుని సంతోషమునకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రాజెక్టు కొరకు గోదావరి తీరమున అనేక గ్రామములవారు తాతముత్తాతల నాటి ఇండ్లను, పొలములను విడిచి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చినది. వారిలో కోయలు, కొండరెడ్లు పెక్కుమంది గలరు. ఇల్లు మారునప్పుడు మంచము బండి కెక్కును, గిన్నెలు బండి కెక్కును. అరుగుపై గీసిన పులిజూదపు గీతలు బండి కెక్కవు. రావిచెట్టు నీడ బండి కెక్కదు. ఆ గీతలను కొత్త సిమెంటు నేలపై మరల గీయువారుండినప్పుడే ఆ ఆట బ్రతుకును. అందుకు బొగ్గుముక్క, పది పదునెనిమిది గులకరాళ్ళు చాలును. కాని వానికంటె ముఖ్యముగా కావలసినది ఒకటి కలదు. అది తాతకును మనుమనికిని ఒకేసారి దొరకిన తీరిక. నేర్పువానికి తొందర, నేర్చువానికి తొందర అయినచో, ఏ ఆటయు ఒక తరమునుండి మరియొక తరమునకు చేరదు.

పాత ఆటలను పోటీలు పెట్టి, బహుమతులు పంచి బ్రతికింపవచ్చునని కొందరు తలంతురు. అదియు కొంత మేలు చేయునదే. కాని పోటీ ముగిసిన మరునాడు, బహుమతి లేకున్నను, ఎవరును చూడకున్నను, ఇద్దరు పిల్లలు మరల ఆ గీతలముందు కూర్చుందురా యనునదే అసలు పరీక్ష. కూర్చుండినచో ఆట బ్రతికినది. ఇన్ని వందల యేండ్లుగా పులిజూదము ఎవరి ఆజ్ఞచేతను నిలువలేదు. ఆడుట యందలి సంతోషము చేతనే నిలిచినది. తెరమీది ఆటయైనను, నేలమీది ఆటయైనను ఇదే నియమము.

బాలబాలికలకు గడువులు చాలగనే యున్నవి. బడి గంట ఉన్నది, పరీక్ష ఉన్నది, రేపటి లెక్కలున్నవి. వానిని శ్రద్ధతో నెరవేర్చుట వారి ధర్మము. అవి నెరవేరిన పిదప మిగిలిన కొంచెము కాలములోనైన, ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని చిన్న రాజ్యమొకటి వారికి ఉండవలెను. అందు వారు ఒకనాడు పులియగుదురు గాక, ఒకనాడు మేకయగుదురు గాక, ఒకనాడు డ్రాగనును వెదకుచు పోవు వీరులగుదురు గాక. కథ సగములో ఆగినను చింత లేదు. నిజముగా ఇష్టమైన ఆట, ఆడువాడు మరల వచ్చువరకును, విడిచిన చోటనే వేచియుండును.